ఇంటి కప్పునకు, గోడలకు ఉష్ణనిరోధమును లెక్కించుట

ఏప్రిల్ నెల ప్రవేశించుటతోడనే మన తరగతి గదులలో పాఠము ఒక ప్రక్కకు జరిగి, వేడిమి ముచ్చట ముందుకు వచ్చును. క్రింది అంతస్తులోని విద్యార్థి చెమట తుడుచుకొనుచునైనను పాఠము వినును. మేడ మీది గదిలోని విద్యార్థి గడియారము వంక చూచుచు కూర్చుండును. రెండు గదులలోను అవే పంకాలు, అవే కిటికీలు, అవే బెంచీలు. భేదమంతయు తలపై నున్న కప్పులోనే కలదు. క్రింది గది కప్పునకు పైన మరియొక గది నీడ ఉన్నది. పై గది కప్పునకు పైన సూర్యుడు తప్ప మరేమియు లేదు.

మన కళాశాల మేడపై పఠన మందిరము నొకదానిని నిర్మింపవలెనను ఆలోచన కమిటీ పెద్దల ముందు ఉన్నది. ఇది సంతోషింపదగిన సంగతి. అయితే వేసవి పరీక్షల కాలములో విద్యార్థి కూర్చుండలేని పఠన మందిరము వలన ప్రయోజనము లేదు. కప్పు వేయుటకు ముందు ఒక కాగితముపై చేయదగిన చిన్న లెక్క యొకటి కలదు. కూడికలు, భాగహారములు తెలిసినవారెవరైనను ఆ లెక్క చేయగలరు. దానిని విద్యార్థులకు బోధించుట, పెద్దలకు నివేదించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మా అనుభవములో ఒక సంగతి

భౌతికశాస్త్ర విభాగమున పనిచేయు మాలో ఒకరి ఇంట జరిగిన విషయమును ముందుగా చెప్పుదుము. వారి మేడపై 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల గది యొకటి ఉన్నది. ఆ యింటి చిన్న చెల్లెలు ఇంటర్మీడియెట్ తప్పిన పాఠ్యాంశమునకై మే నెలలో ఆ గదిలోనే చదువుకొనవలసి వచ్చెను. గది పొయ్యివలె కాలుచుండెను. ఇంటివారు పని తెలిసినవాడని పేరున్న ఒక మేస్త్రిని పిలిచిరి. ఆయన స్లాబు చూచి, "సార్, పైన ఇంకో నాలుగంగుళాలు కాంక్రీటు పోయిద్దాం. స్లాబు మందమైతే ఎండ లోపలికి దిగదు" అనెను. ఆ మాట సమంజసముగనే తోచినది. చేతనున్న సొమ్ముతో కాంక్రీటు పోయించిరి. వారము రోజులైన పిదప చెల్లెలు పుస్తకములు తీసికొని మెట్ల మీదకు వచ్చి కూర్చుండి, "అన్నా, రాత్రి పది దాటినా స్లాబు సెగ తగ్గట్లేదు" అని చెప్పెను.

మేస్త్రి మోసము చేయలేదు. తనకు తోచినది చెప్పెను. చదువుకొన్న మేమే లెక్క చేయలేదు. తరగతిలో నల్లబల్లపై సంవత్సరము పొడవునా వ్రాయు సూత్రమును మా యింటి కప్పునకు అన్వయించుకొనకపోవుట మా లోపము. ఆ లోపము మరియొకచోట జరుగరాదని ఈ పాఠము వ్రాయుచున్నాము.

నిరోధమనగా నేమి?

ఉష్ణము ఎల్లప్పుడును వేడి ఎక్కువగా నున్న చోటి నుండి తక్కువగా నున్న చోటికి ప్రవహించును. ఘన పదార్థములో ఈ ప్రవాహమును ఉష్ణవహనమందుము. దీని గణితమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫూరియే 1822వ సంవత్సరమున ప్రకటించిన ఉష్ణ సిద్ధాంత గ్రంథమున సమగ్రముగా వివరించెను. తరువాత 1827లో జర్మను శాస్త్రజ్ఞుడు ఓమ్ విద్యుత్ ప్రవాహమునకు తన నియమమును కనుగొనునపుడు ఫూరియే మార్గమునే అనుసరించెను. కావున విద్యుత్ నిరోధముల పాఠము చదివిన విద్యార్థికి ఉష్ణనిరోధము క్రొత్త విషయము కాదు. అచ్చట పొటెన్షియల్ భేదము, ఇచ్చట ఉష్ణోగ్రతా భేదము. అచ్చట విద్యుత్ ప్రవాహము, ఇచ్చట ఉష్ణ ప్రవాహము. నడుమ నిలిచి అడ్డగించునది రెండు చోట్లను నిరోధమే.

ఒక పొర యొక్క నిరోధమును కనుగొనుటకు సూత్రమిది:

నిరోధము = పొర మందము (మీటర్లలో) ÷ ఆ పదార్థపు ఉష్ణవాహకత్వము

నిరోధమునకు ప్రమాణము చదరపు మీటరు-కెల్విన్ ప్రతి వాటు. ఈ వ్యాసములో నిరోధపు అంకెలన్నియు ఆ ప్రమాణములోనివే. సూత్రములో రెండు విషయములున్నవని గమనింపుడు. మందము పెరిగిన నిరోధము పెరుగును. వాహకత్వము పెరిగిన నిరోధము తరుగును. మేస్త్రి మొదటి దానిని చూచెను, రెండవ దానిని చూడలేదు.

మన ఇండ్లలో వాడు పదార్థముల వాహకత్వములు సుమారుగా ఈ క్రింది విధముగా నుండును. ఇవి వాట్లు ప్రతి మీటరు-కెల్విన్ అను ప్రమాణములో ఇచ్చినవి.

సిమెంటు కాంక్రీటు, ఆర్.సి.సి. స్లాబు – 1.58
కాల్చిన ఇటుక – 0.81
సున్నపు కాంక్రీటు – 0.73
సిమెంటు ప్లాస్టరు (గిలాబు) – 0.72
దిమ్మిస చేసిన మట్టి – 0.52
సిమెంటు రేకు – 0.245
ఒత్తుగా కప్పిన ఎండుగడ్డి – 0.07
థర్మోకోల్ – 0.035

పట్టికలో మొదటి అంకెకును చివరి అంకెకును గల దూరమును చూడుడు. థర్మోకోల్ కంటె కాంక్రీటు సుమారు 45 రెట్లు సులభముగా వేడిని పోనిచ్చును. అనగా ఒక అంగుళపు థర్మోకోల్ చేయు పనిని కాంక్రీటుతో చేయింపవలెనన్న 45 అంగుళముల మందము కావలెను. థర్మోకోల్ గొప్పతనము దాని ప్లాస్టిక్కులో లేదు. అందు చిన్న చిన్న గదులలో కదలకుండ చిక్కుకొన్న గాలిలో ఉన్నది. కదలని గాలి వాహకత్వము 0.026 మాత్రమే. గడ్డికప్పు, దూది, ఉన్ని అన్నియు ఈ రహస్యము చేతనే పనిచేయును. ఇట్టి పదార్థములను ఉష్ణ బంధకములందురు.

ఘన పదార్థములతోపాటు కప్పు పైభాగమునను, క్రింది భాగమునను అంటిపెట్టుకొని యుండు పలుచని గాలి పొరలకు గూడ నిరోధము కలదు. బయటి గాలి పొరకు 0.04; గోడ లోపలి పొరకు 0.13, వేడి క్రిందికి దిగు కప్పునకు లోపలి పొర 0.17 అని లెక్కలో తీసికొందురు. వేడెక్కిన గాలి కప్పు క్రిందనే కదలక నిలిచియుండుటచేత కప్పు విషయమున ఈ అంకె కొంత ఎక్కువ.

మొదటి లెక్క: సామాన్యమైన స్లాబు

పైన చెప్పిన గది కప్పునే తీసికొందము. పైన 20 మి.మీ. సిమెంటు పూత, నడుమ 120 మి.మీ. స్లాబు, క్రింద 12 మి.మీ. ప్లాస్టరు ఉన్నవి. పొరలు ఒకదాని వెనుక ఒకటి ఉన్నవి గనుక శ్రేణి సంధానములో వలె నిరోధములను కూడవలెను.

బయటి గాలి పొర – 0.040
సిమెంటు పూత (0.020 ÷ 0.72) – 0.028
స్లాబు (0.120 ÷ 1.58) – 0.076
ప్లాస్టరు (0.012 ÷ 0.72) – 0.017
లోపలి గాలి పొర – 0.170
మొత్తము నిరోధము – 0.331

ఇందు విచిత్రమును గమనింపుడు. మొత్తము 0.331లో గాలి పొరల వంతే 0.21. లక్షలు వెచ్చించి పోసిన కాంక్రీటు, కమ్మి, సిమెంటు అంతయు కలిసి 0.121 మాత్రమే. బరువు మోయుటలో స్లాబు బలశాలి. ఎండ నాపుటలో అది కడు దుర్బలము.

మొత్తము నిరోధముచేత 1ని భాగించిన వచ్చు అంకెను ఉష్ణప్రసార గుణకమందురు. ఇచ్చట 1 ÷ 0.331 = 3.02. అనగా లోపలికి, బయటికి 1 డిగ్రీ భేదమున్నపుడు చదరపు మీటరు కప్పు గుండా 3.02 వాట్ల ఉష్ణము లోపలికి దిగును.

ఇక భేదమెంత? మే నెల మధ్యాహ్నము బయటి గాలి 42 డిగ్రీలనుకొందము. చదరపు మీటరు కప్పుపై సుమారు 900 వాట్ల ఎండ పడును. పాతబడిన సిమెంటు కప్పు అందులో పదింట ఏడు వంతులు, అనగా 630 వాట్లను పీల్చుకొనును. దీనిని బయటి గాలి పొర నిరోధము 0.04చే గుణించిన 25 డిగ్రీలగును. కప్పు ఆకాశమునకు తిరిగి వికిరణము చేయు వేడికై సుమారు 5 డిగ్రీలు తగ్గింతము. 42 + 25 – 5 = 62. కప్పుపైన గాలియే 62 డిగ్రీలున్నట్లు భావించి లెక్క చేయవచ్చును. గది లోపల 32 డిగ్రీలుంచవలెనన్న, భేదము 30 డిగ్రీలు.

30 ÷ 0.331 = సుమారు 91 వాట్లు, ప్రతి చదరపు మీటరునకు. గది వైశాల్యము 120 చదరపు అడుగులు, అనగా 11.15 చదరపు మీటర్లు. మొత్తము సుమారు 1010 వాట్లు. ఒక్క మాటలో చెప్పవలెనన్న, 1000 వాట్ల ఇస్త్రీపెట్టె నొకదానిని ఆ విద్యార్థిని తలపై వ్రేలాడదీసి, మధ్యాహ్నమంతయు స్విచ్చి వేసి ఉంచినట్లే.

అదనపు కాంక్రీటు ఏమి చేసినది?

నాలుగంగుళముల కాంక్రీటు అనగా సుమారు 100 మి.మీ. దాని నిరోధము 0.100 ÷ 1.58 = 0.063. మొత్తము 0.331 నుండి 0.394కు పెరిగినది. ఉష్ణ ప్రవాహము 91 నుండి 76 వాట్లకు తగ్గినది. గదికి 1010 బదులు సుమారు 850 వాట్లు. ఇస్త్రీపెట్టె అట్లే ఉన్నది, కొంచెము మంట తగ్గినది.

దీనికి చెల్లించిన మూల్యము సొమ్ము మాత్రమే కాదు. కాంక్రీటు ఘనపు మీటరు బరువు 2400 కిలోగ్రాములు. ఆ గదిపై క్రొత్తగా ఎక్కిన భారము సుమారు 2700 కిలోగ్రాములు. ఇంత బరువును స్లాబు మోయునా యని ఇంజనీరును అడుగకుండ మోపుట ప్రమాదకరము. పైగా అంత బరువైన పదార్థము పగలంతయు వేడిని తనలో దాచుకొని రాత్రి నెమ్మదిగా క్రిందికి వదలును. చెల్లెలు చెప్పిన మాటకు కారణమిదియే.

ఎంత నిరోధము కావలెను?

2018లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ప్రకటించిన ఎకో నివాస్ సంహిత అను నియమావళి నివాస గృహముల కప్పునకు ఉష్ణప్రసార గుణకము 1.2 మించరాదని నిర్దేశించినది. పెద్ద వాణిజ్య కట్టడములకు గల నియమావళి ఇంతకంటె కఠినమైనది. గుణకము 1.2 అనగా మొత్తము నిరోధము 1 ÷ 1.2 = 0.833. మన స్లాబునకు ఉన్నది 0.331. కొరత 0.502.

ఈ కొరతను పూడ్చుటకు ఏ పదార్థము ఎంత మందము కావలెనో చూతము. కొరతను ఆ పదార్థపు వాహకత్వముచే గుణించిన చాలును.

కాంక్రీటుతో – 793 మి.మీ. (రెండున్నర అడుగులకు పైగా)
సున్నపు కాంక్రీటుతో – 366 మి.మీ.
దిమ్మిస చేసిన మట్టితో – 261 మి.మీ.
థర్మోకోల్‌తో – 18 మి.మీ.

ఇచ్చట మన పూర్వుల మట్టి మిద్దెలు జ్ఞాపకమునకు వచ్చుచున్నవి. పాలమూరు, కర్నూలు ప్రాంతములలో దూలములు పరచి, వాటిపై కట్టెలు పేర్చి, ఆ పైన మట్టి, చవుడు పోసి దిమ్మిస చేసెడివారు. ఒక అడుగు మందపు మట్టి నిరోధము సుమారు 0.58, గాలి పొరలతో కలిపి 0.79. క్రిందనున్న కట్టెల నిరోధమును గూడ కలిపిన నేటి నియమావళి కోరు 0.833ను అందుకొనవచ్చును. ఇక ఆరంగుళముల మందమున ఒత్తుగా కప్పిన పొడి గడ్డి నిరోధము 2కు పైమాటే. పూరిల్లు చల్లన అని పెద్దలు చెప్పు మాటలో భౌతికశాస్త్రమున్నది. అయితే గడ్డికి నిప్పు భయము, మట్టికి వాన భయము కలవు. ఆ భయములకు జడిసి ఎందరో సిమెంటు రేకుల క్రిందికి మారిరి. 6 మి.మీ. రేకు నిరోధము 0.024 మాత్రమే. గాలి పొరలతో కలిపినను 0.234. పై లెక్క ప్రకారము చదరపు మీటరునకు 128 వాట్ల వేడి దిగును. మన విద్యార్థులలో ఎందరో ఇట్టి రేకుల క్రిందనే చదువుకొనుచున్నారను సంగతిని అధ్యాపకులము మరువరాదు.

బంధకము వేసిన కప్పు

స్లాబుపై 50 మి.మీ. థర్మోకోల్ పరచితిమనుకొందము. దాని నిరోధము 0.050 ÷ 0.035 = 1.43. మొత్తము 0.331 + 1.43 = 1.76. గుణకము 0.57. ఉష్ణ ప్రవాహము చదరపు మీటరునకు 17 వాట్లు. గదికి 190 వాట్లు. ఆ థర్మోకోల్ మొత్తము బరువు 13 లేక 14 కిలోగ్రాములకు మించదు. 2700 కిలోగ్రాముల కాంక్రీటు చేయలేని పనిని ఒక బియ్యపు సంచి బరువైనను లేని పదార్థము చేయుచున్నది.

ఈ లెక్కను ప్రయోగశాలలోని థర్మామీటరుతో సరిచూచుకొనవచ్చును. దిగు వేడిని లోపలి గాలి పొర నిరోధము 0.17చే గుణించిన, గది గాలి కంటె కప్పు అడుగు భాగము ఎన్ని డిగ్రీలు ఎక్కువ వేడిగా నుండునో తెలియును. వట్టి స్లాబునకు 91 × 0.17 = 15 డిగ్రీలు; అనగా కప్పు 47 డిగ్రీలు. బంధకము వేసిన స్లాబునకు 3 డిగ్రీలు. కప్పు 35 డిగ్రీలు. 47 డిగ్రీల కప్పు క్రింద పంకా ఎంత వేగముగా తిరిగినను తలపై సెగ పోదు. ఏలన ఆ సెగ గాలి ద్వారా కాక వికిరణము ద్వారా వచ్చుచున్నది.

పొరల వరుస మార్చినను నిరోధముల మొత్తము మారదు. కాని ఫలితము మారును. బంధకము పైన ఉన్నచో స్లాబు ఎండకు వేడెక్కదు. బీటలు వారుట గూడ తగ్గును. క్రింద ఉన్నచో స్లాబు వేడెక్కుచునే యుండును. క్రింద అమర్చిన థర్మోకోల్‌ను ఎన్నడును బయటికి కనబడునట్లు వదలరాదు. అది త్వరగా అంటుకొని విషపు పొగ చిమ్మును. పైన వేసిన దానికి నీరు తగులకుండ కాపు కావలెను. దానిపై కాంక్రీటు పొరయో, పెంకులో పరచవలెను. నీటి వాహకత్వము 0.6, అనగా గాలికి 20 రెట్లకు పైగా ఎక్కువ. తడిసిన బంధకము బంధకము కాదు.

విడిచిన చోటు చేయు నష్టము

ఇక ఈ పాఠములో ముఖ్యమైన భాగమునకు వచ్చితిమి. లెక్క తెలిసినవారును పొరబడు చోటు ఇదియే. కప్పులో నూటికి 90 వంతులు బంధకము పరచి, పిట్టగోడల ప్రక్కను, నీటి ట్యాంకు దిమ్మెల క్రిందను నూటికి 10 వంతులు వట్టిగా విడిచిరనుకొనుడు. ఇప్పుడు కప్పు నిరోధమెంత?

కొందరు 1.76లో 90 వంతులు, 0.331లో 10 వంతులు తీసికొని కూడుదురు. 1.62 వచ్చును. ఇది తప్పు. ఈ రెండు భాగములు ఒకదాని వెనుక ఒకటి లేవు. ప్రక్క ప్రక్కన ఉన్నవి. ఇది సమాంతర సంధానము. సమాంతరములో కూడవలసినది నిరోధములను కాదు, గుణకములను.

బంధకమున్న భాగము: 0.90 × 0.568 = 0.511
వట్టి భాగము: 0.10 × 3.02 = 0.302
మొత్తము గుణకము = 0.813
నిజమైన నిరోధము = 1 ÷ 0.813 = 1.23

1.76 కావలసినది 1.23కు పడిపోయినది. పదవ వంతు చోటు విడిచినందుకు నిరోధములో నూటికి 30 వంతులు పోయినవి. గదికి 190 వాట్లు దిగవలసినది 272 వాట్లు దిగుచున్నది. తొమ్మిది వంతుల చోట బంధకమును 50 నుండి 100 మి.మీ. చేసినను, ఆ విడిచిన చోటి నుండి వచ్చు 0.302 ఏమియు తగ్గదు. కుండకు చిల్లి ఉండగా అంచు ఎత్తు పెంచినట్లగును. కావున పనివారికి చెప్పవలసిన మాట "మందముగా వేయుడు" అని కాదు. "ఎచ్చటను విడువక వేయుడు" అని.

గోడల సంగతి

తొమ్మిదంగుళముల ఇటుక గోడ, అనగా 230 మి.మీ. నిరోధము 0.284. ఇరువైపుల ప్లాస్టరు 0.045, గాలి పొరలు 0.17 కలిపిన మొత్తము 0.499, గుణకము 2.0. నాలుగున్నర అంగుళముల గోడకు మొత్తము 0.357, గుణకము 2.8. సొమ్ము మిగులునని పడమటి వైపున నాలుగున్నర అంగుళముల గోడ లేపుట ఎంత పొరపాటో దీనివలన తెలియును. ఆ గోడకు సాయంకాలపు ఎండ నేరుగా తగులును.

హైదరాబాదు పాత దేవిడీలలో రెండడుగుల రాతి గోడలను చూచి, వాటి నిరోధము చాల ఎక్కువ యని తలతుము. రాతి కట్టడపు వాహకత్వమును సుమారు 2 అనుకొన్నచో 0.6 ÷ 2 = 0.30 మాత్రమే వచ్చును. ఇది తొమ్మిదంగుళముల ఇటుక గోడతో సమానము. మరి ఆ దేవిడీలు చల్లగా నుండుట ఎట్లు? ఆ గోడలు వేడిని ఆపుటలేదు, ఆలస్యము చేయుచున్నవి. మధ్యాహ్నపు వేడి లోపలికి చేరునప్పటికి రాత్రియగును. అప్పటికి నడి ముంగిలి మీదుగా చల్లని గాలి ఆడి ఆ వేడిని తీసికొనిపోవును. ఎత్తైన కప్పులు, డంగు సున్నపు తెల్లదనము, నీడనిచ్చు వరండాలు తోడుపడును. మేడ గదిలో కిటికీ మూసికొని నిద్రించువానికి అదే ఆలస్యము శత్రువగును. నిరోధపు లెక్క వేడి నిలకడగా ప్రవహించు స్థితికి మాత్రమే సరిపోవును. ఆలస్యపు సంగతిని అది చెప్పదు. సాధనము యొక్క హద్దు నెరిగి వాడుటయే శాస్త్ర విద్యార్థి లక్షణము.

చేత సొమ్ము లేనివారికి

బంధకము కొనలేనివారు ఏమి చేయవలెను? లెక్క వారికి గూడ ఒక మార్గము చూపుచున్నది. నిరోధమును పెంచలేనపుడు ఉష్ణోగ్రతా భేదమును తగ్గింపవచ్చును. కప్పునకు తెల్లని సున్నము దట్టముగా కొట్టిన, పదింట ఏడు వంతులు పీల్చు కప్పు మూడు వంతులు మాత్రమే పీల్చును. అప్పుడు 900లో 270 వాట్లు, 0.04చే గుణించిన 11 డిగ్రీలు. 42 + 11 – 5 = 48. భేదము 30 నుండి 16కు తగ్గినది. వట్టి స్లాబు గుండా 91 బదులు 48 వాట్లే దిగును. గదికి సుమారు 540 వాట్లు. ఒక బస్తా సున్నము, ఒక కుంచె, ఒక ఉదయపు శ్రమ నాలుగంగుళముల కాంక్రీటు కంటె ఎక్కువ పనిచేయుచున్నవి. దుమ్ము పట్టిన కొలది దీని గుణము తగ్గును గనుక ఏటేటా వేసవికి ముందు మరల కొట్టవలెను. తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రకటించిన చల్లని కప్పుల విధానము ఈ సూత్రముపైననే ఆధారపడినది. సున్నము, 50 మి.మీ. బంధకము రెండును ఉన్నచో ఆ గదికి దిగు వేడి సుమారు 100 వాట్లు. ఒక పాతకాలపు విద్యుద్దీపమంత.

అంగడిలో ఒక జాగ్రత్త

బంధకముల కరపత్రములలో నిరోధపు అంకెను అమెరికా పద్ధతిలో, అడుగులు, ఫారన్‌హీటు డిగ్రీల ప్రమాణములో ముద్రించుట కలదు. ఆ అంకెను 5.678చే భాగించిన మన ప్రమాణము వచ్చును. అచ్చట 10 అని యున్నది మన లెక్కలో 1.76 మాత్రమే. అంకె పెద్దదని భ్రమపడక, ప్రమాణమేదని అడిగి కొనవలెను.

విద్యార్థులకు అభ్యాసము

1. తొమ్మిదంగుళముల ఇటుక గోడకు 25 మి.మీ. థర్మోకోల్ చేర్చిన మొత్తము నిరోధమెంత? (జవాబు: 1.21, గుణకము 0.82.)
2. పైన చెప్పిన బంధకపు కప్పులో నూటికి 5 వంతులు విడిచిన నిజమైన నిరోధమెంత? (జవాబు: 1.45.)
3. మీరు నివసించు ఇంటి కప్పు పొరలను కొలిచి, దాని నిరోధమును లెక్కించి, మే నెల మధ్యాహ్నము మీ తలపై ఎన్ని వాట్లు దిగుచున్నవో మీ తల్లిదండ్రులకు వివరింపుడు. ఈ ప్రశ్నకు జవాబు మా వద్ద లేదు. మీ వద్దనే ఉన్నది.

మా యింటి చెల్లెలు ఆ సంవత్సరము మెట్ల మీద కూర్చుండియే చదివి పరీక్షలో నెగ్గినది. మరుసటి వేసవికి కప్పుపై సున్నము కొట్టించితిమి. ఆ తరువాతి సంవత్సరము బంధకము వేయించితిమి. నేడు ఆమె తమ్ముడు ఆ గదిలోనే చదువుకొనుచున్నాడు. ముందుగా లెక్క చేసియున్నచో ఆమెయు అచ్చటనే చదువుకొని యుండెడిది.

కమిటీ పెద్దలకు మా విన్నపమొక్కటే. పఠన మందిరపు పటము చేతికి వచ్చినపుడు కప్పు మందమెంత యని గాక, కప్పు నిరోధమెంత యని, ఎచ్చటనైన విడిచితిరా యని ఇంజనీరును అడుగవలెను. ఆ జవాబును సరిచూచుటకు మన విద్యార్థులు సిద్ధముగా ఉందురు. ఆ కాగితముపై కూడికలు సరిగా ఉన్నచో మే నెలలో ఆ మందిరము నిండుగా నుండును.